ఇండియానా వాగులో బంగారు రజను: మంచుపలక మోసుకొచ్చిందా, పుట్టించిందా?

రమేష్_ఇండీ
అందరికీ నమస్కారం. మేముండేది ఇండియానాపోలిస్‌లో. ఇక్కడికి దక్షిణంగా మోర్గాన్, బ్రౌన్ కౌంటీల వాగుల్లో బంగారం దొరుకుతుందని ఆఫీసులో ఒక పెద్దాయన చెబితే నమ్మబుద్ధి కాలేదు. పోయిన శనివారం ఆయన వెంట వెళ్ళాను. మోకాలి లోతు నీళ్ళలో పెద్ద రాయి వెనక అడుగున ఉన్న గులకరాళ్ళూ మట్టీ పాన్‌లోకి, అంటే బంగారం కడిగే వెడల్పాటి పళ్ళెంలోకి, తోడి చాలాసేపు ఆడించాం. చివరికి అడుగున నల్ల ఇసుక సన్నగా మిగిలింది. దాని అంచున పచ్చటి చుక్కలు, ఆవగింజలో సగం కూడా లేవు. పాన్‌ను చెట్టునీడకి తిప్పి చూడమన్నాడాయన. అభ్రకమైతే నీడలో మెరుపు పోతుందట. ఇవి నీడలో కూడా అదే పసుపు. కిందకి వంచితే ఇసుక జారిపోయింది గానీ ఈ చుక్కలు కదల్లేదు.

నా సందేహం ఏంటంటే, ఇక్కడ పెద్ద పర్వతాలే లేవు. కింద ఉన్నది సున్నపురాయి, ఇసుకరాయి, షేల్. బంగారు గని అన్నది ఈ రాష్ట్రంలోనే లేదు. ఇదంతా హిమానీనదాల పని అన్నారు. అంటే మంచు కొండల్ని నూరితే బంగారు నిక్షేపాలు ఏర్పడతాయా? అలాగైతే మంచు కప్పిన చోటల్లా బంగారం ఉండాలి కదా? తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి.

పద్మజ_భూగర్భం
రమేష్ గారూ, మంచి ప్రశ్న. ఇందులో మూడు వేర్వేరు పనులున్నాయి. బంగారాన్ని ఒకచోట పోగుచెయ్యడం, దాన్ని అక్కణ్ణించి మొయ్యడం, మోసుకొచ్చినదాన్ని మళ్ళీ వేరుచెయ్యడం. హిమానీనదానికి వచ్చింది రెండోది మాత్రమే.

ముందు మొదటి పని. మామూలు రాయి ఏది తీసుకున్నా టన్నుకి కొన్ని మిల్లీగ్రాముల బంగారం ఉంటుంది. గని తవ్వితే గిట్టాలంటే టన్నుకి సాధారణంగా ఒకటో రెండో గ్రాములు కావాలి. అంటే ప్రకృతి దాన్ని కొన్ని వందల నుంచి వెయ్యి రెట్లు చిక్కబరచాలి. ఆ పని భూమి లోపల వేడినీళ్ళు చేస్తాయి. భూఫలకాలు గుద్దుకుని పర్వతాలు లేచేటప్పుడు లోతున ఉన్న రాళ్ళు వేడెక్కి, వాటి ఖనిజాల్లో బంధించి ఉన్న నీరు, కార్బన్ డయాక్సైడ్ బయటికొస్తాయి. 300 నుంచి 400 డిగ్రీల వేడిలో, లోతులోని పీడనం వల్ల ద్రవంగానే ఉండే ఆ నీటిలో గంధకం ఉంటుంది. బంగారం దానితో జతకట్టి కరుగుతుంది. ఆ ద్రవం పగుళ్ళ వెంట పైకొచ్చి, పీడనం తగ్గినచోటో, ఇనుము ఎక్కువున్న రాయి తగిలి గంధకం దానికి పోయినచోటో బంగారాన్ని వదిలేస్తుంది. కూడా ఉన్న సిలికా తెల్ల పలుగురాయిగా గడ్డకడుతుంది. గనుల ఫోటోల్లో నల్లరాతి మధ్య తెల్లటి చారలు కనిపిస్తాయే, అవే.

ఇదంతా జరిగేది భూమి లోపల, ఎన్నో కిలోమీటర్ల లోతున. పైన మంచుందా, ఎడారుందా అన్నదానితో పని లేదు.

చైతన్య_విజయనగరం
మేడం, భూకంపం వచ్చినప్పుడు క్షణాల్లో బంగారం ఏర్పడుతుందని ఎక్కడో చదివాను. నిజమేనా?

పద్మజ_భూగర్భం
> భూకంపం వచ్చినప్పుడు క్షణాల్లో బంగారం ఏర్పడుతుందని

అందులో నిజం ఉంది. పలుగుచారని అడ్డంగా కోసి చూస్తే పొర మీద పొరగా పెరిగినట్టు కనిపిస్తుంది. ఫాల్ట్, అంటే రాళ్ళు జారే పెద్ద పగులు, కదిలిన ప్రతిసారీ పగులు తెరుచుకుంటుంది, పీడనం ఒక్కసారిగా పడిపోతుంది, ద్రవం అందులోకి దూసుకొస్తుంది, ఖనిజాలు పేరుకుని పగులు మూసుకుపోతుంది. మళ్ళీ పీడనం పెరిగి మళ్ళీ కదిలేదాకా అలాగే. 2013లో ఆస్ట్రేలియా పరిశోధకులు లెక్కగట్టి చూపించింది ఏంటంటే, పెద్ద కదలికలో పీడనం ఎంతగా పడిపోతుందంటే ఆ ద్రవం అప్పటికప్పుడే ఆవిరైపోతుంది, కరిగున్నవన్నీ అక్కడే రాలిపోతాయి. అయితే ఒక్క భూకంపంలో రాలేది చాలా కొంచెం. గని అవ్వాలంటే అదే చోట లక్షల ఏళ్ళపాటు కదులుతూనే ఉండాలి.

2024లో మొనాష్ విశ్వవిద్యాలయం వాళ్ళు ఇంకో సంగతి బయటపెట్టారు. పలుగురాయి స్ఫటికాన్ని నొక్కితే విద్యుత్తు పుడుతుంది, గడియారాల్లో వాడేది ఆ గుణాన్నే. ప్రయోగశాలలో బంగారం కరిగిన ద్రావణంలో పలుగుముక్కని ఉంచి భూకంప తరంగాల్లాగా ఊపితే దాని మీద బంగారం పేరుకుంది. అంతకుముందే ఉన్న బంగారు రేణువు మీదే కొత్తది ఎక్కువగా చేరింది కూడా. చారల్లో అక్కడక్కడా పెద్ద ముద్దలు ఎందుకు దొరుకుతాయో చెప్పడానికి ఇది బాగా పనికొస్తుందని నేను అనుకుంటున్నాను.

కుప్పం_మురళి
పద్మజ గారు చెప్పినదానికి మా పక్కనే సాక్ష్యం ఉంది. కోలారు గనుల్లో మా నాన్న పనిచేశారు. కుప్పం నుంచి ఎంతోమంది అలా వెళ్ళినవాళ్ళే. అక్కడి రాయి వయసు సుమారు 270 కోట్ల ఏళ్ళంటారు. పలుగుచార వెంట దిగుతూ దిగుతూ 3 కిలోమీటర్ల లోతు దాటారు. అంత కింద రాయి వేడే 60 డిగ్రీలు దాటేది, పైనుంచి చల్లగాలి పంపితే తప్ప మనిషి నిలవలేడు. నాన్న ఎక్కువగా భయపడింది వేడికి కాదు, రాయి పేలడానికి. చుట్టూ ఉన్న ఒత్తిడికి గోడ ఉన్నట్టుండి పగిలి ముక్కలు ఎగిరొచ్చేవి. షిఫ్టు దిగినవాళ్ళు పైకొచ్చేదాకా ఇంట్లో అందరికీ టెన్షనే. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. సైనైడ్ దిబ్బలు ఇప్పటికీ ఊరి పక్కన ఉన్నాయి.

ఆ రాతిపట్టీ కర్ణాటకతో ఆగిపోలేదు. దక్షిణంగా మన చిత్తూరు వైపు చిగురుగుంట, బిసానత్తం దాకా వచ్చింది. అక్కడా తవ్వారు. కోలారు కథలో మంచు ఎక్కడా లేదు కదండీ, మరి మంచుతో ఏం సంబంధం?

కాల్గరీ_వెంకట్
సంబంధం లేకపోవడమే కాదు, మంచు బంగారానికి శత్రువు అంటాను నేను. కెనడా వాయవ్య మూలన యూకాన్‌లో డాసన్ సిటీకి వెళ్ళినప్పుడు అక్కడ చూసినదాన్నిబట్టి చెబుతున్నాను.

డాసన్ చుట్టుపక్కల ప్రాంతమే క్లాండైక్, బంగారం కోసం జనం ఎగబడిన చోటు. 1896 ఆగస్టులో ర్యాబిట్ క్రీక్‌లో స్కూకమ్ జిమ్, ఆయన మేనల్లుడు డాసన్ చార్లీ, బావ జార్జ్ కార్మాక్ బంగారం చూశారు. ఆ వాగుకే తర్వాత బొనాంజా అని పేరు పెట్టారు. ఇప్పటిదాకా ఆ ప్రాంతం నుంచి దాదాపు 2 కోట్ల ఔన్సులు తీశారు. కెనడాలో మిగతా దేశం దాదాపు అంతా మంచు కింద ఉన్నప్పుడు క్లాండైక్ మాత్రం మంచు లేకుండా ఉండిపోయింది. చలి లేక కాదు. పసిఫిక్ నుంచి వచ్చే తేమనంతా సెయింట్ ఎలయాస్ పర్వతాలు అడ్డుకున్నాయి. మంచు పడటానికి కావాల్సిన తేమే అక్కడికి చేరలేదు. అందుకే ఆ కొండలు లక్షల ఏళ్ళు ఎండకీ వానకీ మెల్లగా శిథిలమై, పలుగుచారల్లోని బంగారం వాగుల్లోకి దిగి, కింది శిల మీద, దాని పగుళ్ళలో పేరుకుంది. గని కార్మికులు గులకరాళ్ళ పొర అయ్యాక ఆగేవాళ్ళు కాదు, కింది రాయిని కూడా అడుగో రెండడుగులో పెరికి కడిగేవాళ్ళు. ఎక్కువ బంగారం అక్కడే ఉండేది.

అదే చోట మంచుపలక వచ్చి ఉంటే లోయ అడుగుతో సహా గీకి ఎత్తుకుపోయేది. రమేష్ గారి పాన్‌లో పడినవి అలా చెదిరిపోయిన గనుల తునకలే.

రాళ్ళమాస్టారు
వెంకట్ బాబూ, సగం ఒప్పుకుంటాను. క్లాండైక్ మీద మంచు రాలేదన్నది నిజం. కానీ మంచుకి అక్కడ పాత్ర లేదనడం మాత్రం కుదరదు.

నువ్వు డాసన్ దగ్గర కొండల పైభాగాన తెల్లటి గులకరాళ్ళ పొర చూసే ఉంటావు. వైట్ చానల్ అంటారు. అది మంచుయుగాలకి ముందు, ప్లయోసీన్ అనే కాలంలో పారిన వాగుల అడుగు. ఇప్పుడు వాగులు దానికన్నా ఎంతో కింద పారుతున్నాయి. ఎందుకు? ఒకప్పుడు యూకాన్ నది దక్షిణంగా పసిఫిక్ వైపు పోయేది. దాదాపు 25, 30 లక్షల ఏళ్ళ కింద తొలి మంచుపలక దక్షిణాన ఆ దారిని మూసేసింది. నీళ్ళు వెనక్కి పొంగి వాయవ్యంగా కొత్త దారి చేసుకుని అలాస్కా మీదుగా బేరింగ్ సముద్రానికి పోయాయి. దాంతో క్లాండైక్ చుట్టూ ఉన్న వాగులన్నీ లోతుగా కోసుకోవలసి వచ్చింది. అలా కోసేటప్పుడు పాత తెల్ల పొరలోని బంగారాన్ని మళ్ళీ కడిగి కింద బొనాంజాలో, దాని ఉపవాగు ఎల్డొరాడోలో పోశాయి. ఒకసారి చిక్కబడినదే రెండోసారి చిక్కబడింది. మంచు అక్కడ అడుగు పెట్టకుండానే దూరం నుంచి నదిని మళ్ళించి ఇంత పని చేసింది.

ఇంకొకటి. ఆ వాగుల మీద నల్లటి మట్టి మందంగా కప్పి ఉంటుంది, మామత్ అనే పాతకాలపు ఏనుగుల ఎముకలు దొరికేది అందులోనే. అందులో చాలా భాగం మంచుకరిగిన నదుల తీరాల నుంచి గాలి ఎత్తుకొచ్చిన దుమ్ము. అది గడ్డకట్టి బంగారపు పొరని కప్పి ఉంచింది. అందుకే తొలినాటి వాళ్ళు రాత్రంతా మంటలు వేసి నేల కరిగించి, పొద్దున్నే తవ్వి, మళ్ళీ మంట వేసేవాళ్ళు.

కాల్గరీ_వెంకట్
మాస్టారూ, నది మళ్ళిన సంగతి మ్యూజియంలో చదివాను గానీ వైట్ చానల్‌తో ఇలా ముడిపెట్టి ఆలోచించలేదు. అయినా నా వాదన వదలను. మంచు నేరుగా వచ్చిన చోట నష్టమే కదా? ఒక్క చోటైనా చెప్పండి, మంచు కింద పడి కూడా బంగారం నిలిచింది అనడానికి.

రాళ్ళమాస్టారు
నీకు దగ్గరే ఉంది, బ్రిటిష్ కొలంబియాలో కారిబూ. విలియమ్స్ క్రీక్‌లో మొదట పైపైనే తవ్వి, గట్టి నీలిబంక తగలగానే అదే అడుగు అనుకుని ఆగిపోయారు. ఆ నీలిబంక హిమానీనదాలు వదిలిన మట్టి. దాన్ని చీల్చుకుని దిగినవాళ్ళకి కింద పాత వాగు కనిపించింది. 1862 ఆగస్టులో బిల్లీ బార్కర్ బృందం యాభై అడుగులు దాటి దిగాక బంగారం తగిలింది. బార్కర్‌విల్ అన్న ఊరు అలా పుట్టింది. మంచుపలక ఆ కొండల్ని కప్పింది, అయినా అది కదిలే దిక్కుకి అడ్డంగా ఉన్న ఇరుకు లోయల అడుగుని గీకలేకపోయింది, పైన మట్టి పోసి పూడ్చేసింది. దిక్కుకి సమాంతరంగా ఉన్న వెడల్పాటి లోయలైతే నువ్వన్నట్టే తుడిచిపెట్టుకుపోతాయి. కాబట్టి మంచు వచ్చిందా లేదా అన్నది ఒక్కటే చాలదు, లోయ ఏ దిక్కుకి ఉంది, ఎంత ఇరుకు, ఎంత లోతు అని కూడా అడగాలి.

సుజాత_సియాటిల్
అలాస్కాలో నోమ్ గురించి ఎవరూ ఎత్తలేదేం? నాకు అన్నిటికన్నా అదే ఆశ్చర్యంగా ఉంటుంది. 1898లో ఆన్విల్ క్రీక్‌లో దొరికింది, 1899లో ఏకంగా సముద్రపు ఒడ్డు ఇసుకలోనే దొరికింది. ఒడ్డున ఇది నా జాగా అని క్లెయిమ్ వేయడానికి లేదు కాబట్టి ఎవరి పార వాళ్ళు పట్టుకుని కడిగారు. 1900 వేసవికి వేలమంది ఆ ఒడ్డున గుడారాలు వేసేశారు.

అక్కడ హిమానీనదాలు వెనకున్న కొండల నుంచి బంగారమున్న మట్టినీ రాళ్ళనీ తోసుకుంటూ ఇప్పటి తీరం దాటి సముద్రం అడుగు దాకా తెచ్చి పడేశాయి. తర్వాత సముద్రమట్టం మారిన ప్రతిసారీ అలలు ఆ మట్టిని కడిగి, తేలికదాన్ని లాక్కుపోయి, బంగారాన్ని ఒడ్డు గీతల్లో వదిలాయి. పాత ఒడ్డులు ఊరి వెనక నేల కింద కూడా ఉన్నాయి. ఇప్పటికీ అక్కడ సముద్రం అడుగున గులకరాళ్ళ పలచటి పొరని పైపులతో పీల్చి కడుగుతున్నారు. హిమానీనదం మోసుకురాకపోతే ఆ బంగారం సముద్రం దాకా వచ్చేదే కాదు.

పద్మజ_భూగర్భం
సుజాత గారు చెప్పినదాంట్లో అసలు విషయం ఉంది. మంచు తెచ్చింది, అలలు వేరుచేశాయి. మంచుకి బరువైనదేదో తేలికదేదో తెలియదు. ఇంటంత బండనీ పిండిలాంటి మట్టినీ బంగారు రేణువునీ ఒకే వేగంతో ఒకే ముద్దగా తెచ్చి, కరిగినచోట ఒకే కుప్పగా వదులుతుంది. నీళ్ళు అలా కాదు, చేటలో బియ్యం చెరిగినట్టు చెరుగుతాయి. బంగారం సాంద్రత 19.3, పలుగుది 2.65, నల్ల ఇసుకలోని మాగ్నటైట్ అనే ఇనుప ఖనిజానిది సుమారు 5.2. ప్రవాహం కాస్త మందగించిన చోట ముందు బంగారం దిగుతుంది, దాని తోడుగా నల్ల ఇసుక దిగుతుంది.

రమేష్ గారి వాగులో జరిగింది కూడా ఇదే. సుమారు 20 వేల ఏళ్ళ కింద మంచుపలక కెనడా నుంచి మధ్య ఇండియానా దాకా వచ్చింది. అంతకుముందు ఒకసారి ఇంకా దక్షిణానికీ వచ్చింది. దారిలో కెనడా షీల్డ్ అనే అతి పాత రాతినేల తగిలింది. కోలారులాంటి పాత పచ్చరాతి పట్టీలు ఆంటారియోలో, క్విబెక్‌లో చాలా ఉన్నాయి. అవి నలిగి మంచులో కలిశాయి. అది వదిలిన మట్టి టన్నులో బంగారం లెక్కలోకి రానంత తక్కువ. కానీ మంచు కరిగిన వరదలు, తర్వాత ఈ వాగులు ఆ మట్టిని వేల ఏళ్ళుగా కోసి కడుగుతూనే ఉన్నాయి.

రమేష్_ఇండీ
ఇప్పుడు బాగా అర్థమైంది, అందరికీ ధన్యవాదాలు. కెనడా నుంచే వచ్చిందని ఖాయంగా ఎలా చెప్తారు? రేణువు మీద ఊరి పేరు ఉండదు కదా.

రాళ్ళమాస్టారు
రేణువు మీద ఉండదు, పక్కన ఉన్న రాళ్ళ మీద ఉంటుంది. ఈసారి వెళ్ళినప్పుడు వాగులో గుండ్రటి రాళ్ళు చూడండి. గ్రానైట్, నైస్ లాంటివి కనిపిస్తాయి, అవి ఇండియానా నేలమట్టంలో ఎక్కడా పుట్టినవి కావు. తెల్లటి పలుగురాతిలో ఎర్రటి జాస్పర్ గులకలు పొదిగిన రాయి ఒకటుంది. అది హ్యూరాన్ సరస్సుకి ఉత్తరాన ఆంటారియోలో బ్రూస్ మైన్స్ చుట్టుపక్కల రాయి, మంచు దాన్ని మిషిగన్ మీదుగా దక్షిణానికి చల్లుకుంటూ వచ్చింది. సుపీరియర్ సరస్సు దగ్గరి సహజమైన రాగి ముద్దలు కూడా మీవైపు మంచు మట్టిలో దొరికాయి. ఇవన్నీ కలిపి చూస్తే దారి తెలుస్తుంది.

ఇదే పద్ధతిని తలకిందులు చేసి గనులు కనుక్కున్నారు. ఫిన్లాండ్‌లో 1908లో దొరికిన ఒక రాగి బండ ఎటునుంచి వచ్చిందో మంచు గీతలనిబట్టి వెనక్కి వెతుక్కుంటూ పోయి 1910లో ఔటోకుంపు గని పట్టుకున్నారు.

సింగరేణి_శంకర్
మంచు మాట వచ్చింది కాబట్టి మన నేల సంగతి ఒకటి చెప్తా. గోదావరి లోయలో మనం తవ్వే బొగ్గు పొరల కింద, అన్నిటికన్నా అడుగున, తాల్చిర్ అనే పొర ఉంటుంది. బోర్లు బాగా లోతుకి వేసినప్పుడు దాని కోర్, అంటే కడ్డీలాంటి రాతిముక్క, వస్తుంది. పచ్చటి మట్టిరాతిలో గుండ్రాళ్ళూ మొనలున్న రాళ్ళూ అడ్డదిడ్డంగా, ఏ వరసా లేకుండా ఇరుక్కుని ఉంటాయి. దాదాపు 30 కోట్ల ఏళ్ళ కింద మన నేల దక్షిణ ధ్రువానికి దగ్గరగా ఉన్నప్పుడు హిమానీనదాలు వదిలినదది. పద్మజ మేడం చెప్పినట్టు బండా మట్టీ ఒకే ముద్ద. మొదటిసారి ఆ కోర్ చేతిలో పట్టుకున్నప్పుడు ఒళ్ళు జలదరించింది, రామగుండం ఎండలో నిలబడి మంచు తెచ్చిన రాయి చూస్తున్నా కదా అని. మరి ఆ పొరలో బంగారం ఉండే వీలుందా?

పద్మజ_భూగర్భం
శంకర్ గారూ, ఆ మంచు ధార్వార్ రకం, అంటే కోలారులాంటి, పట్టీల మీదుగా వచ్చిన చోట రేణువులు ఉండొచ్చు. గిట్టుబాటయ్యేంత ఉండాలంటే మాత్రం ఆ మట్టిని నీళ్ళు చాలాకాలం కడిగి ఉండాలి. తాల్చిర్ మీద వెంటనే ఇసుక, ఆపైన బొగ్గు చిత్తడి నేలలు వచ్చి కప్పేశాయి. మీరు చూసిన అడ్డదిడ్డం అమరికే కడగలేదనడానికి గుర్తు.

రమేష్ గారూ, మీరడిగినదానికి ఇంకో మాట. రేణువు కూడా కొంత చెబుతుంది, సూక్ష్మదర్శిని కింద పెడితే. పలుగుచార నుంచి అప్పుడే విడిపోయిన రేణువుకి స్ఫటికపు అంచులు, ముళ్ళలాంటి కొసలు అలాగే ఉంటాయి. మంచులో కొంత దూరం వచ్చాక కొసలు వంగుతాయి. ఇంకా దూరం వస్తే మడతపడి, చదునై, గుండ్రబడతాయి. కెనడాలో గనులు వెతికేవాళ్ళు మంచు మట్టి సంచుల్లో తెచ్చి కడిగి, ఏ రకం రేణువులు ఎన్నున్నాయో లెక్కపెడతారు. ముళ్ళున్నవి ఎక్కువైతే గని దగ్గర్లోనే ఉందని అర్థం, అక్కణ్ణించి మంచు ఎటునుంచి వచ్చిందో అటు నడుస్తారు.

రమేష్_ఇండీ
మా అబ్బాయి స్కూల్ ప్రాజెక్టు కోసం చిన్న మైక్రోస్కోప్ కొన్నాం, ఇంట్లోనే ఉంది. మీ మెసేజ్ చూడగానే చుక్కల్ని దాని కింద పెట్టాను. అన్నీ పలచటి రేకులు. అంచులు నునుపు, ఒకదానికి మాత్రం అంచు లోపలికి మడిచి నొక్కినట్టుంది. ముళ్ళన్నవి ఒక్కదానికీ లేవు. ఫోటో తీయడానికి ప్రయత్నించాను, ఫోన్‌కి ఫోకస్ కుదరడం లేదు.

ఈసారి వాగులో ఎక్కడ చూస్తే మంచిది?

కాల్గరీ_వెంకట్
అన్నా, వంపు లోపలి వైపు, నీళ్ళు నెమ్మదించే చోట గులకరాళ్ళ దిబ్బ ఉంటుంది, దాని ఎగువ కొస దగ్గర మొదలుపెట్టు. పెద్ద బండల వెనక, చెట్ల వేళ్ళ మధ్య ఇరుక్కున్న మట్టిలో చూడు. అసలు శిల అందకపోయినా, గట్టి బంకమట్టి పొర కనిపిస్తే దాని పైభాగాన్ని గీకి కడుగు, బంగారం అంతకన్నా కిందకి దిగలేక దానిమీదే ఆగుతుంది. వాగు ఎవరి పొలంలో ఉందో కనుక్కుని వాళ్ళని అడిగాకే దిగు, చాలాచోట్ల అది ప్రైవేటు భూమి.

రాళ్ళమాస్టారు
దానితో పాటు మిగిలిన నల్ల ఇసుకని పారబొయ్యకండి. ఎండబెట్టి, కాగితం కింద అయస్కాంతం ఆడించి మాగ్నటైట్ వేరుచెయ్యండి. మిగిలినదాంట్లో గులాబీ రంగు గింజలుంటే అవి గార్నెట్లు. అవి కూడా ఎక్కువగా ఉత్తరం నుంచి వచ్చినవే, ఒక గింజ ఫోటో దొరికితే ఇక్కడ పెట్టండి. అబ్బాయిని కూడా వెంట తీసుకెళ్ళండి.

రమేష్_ఇండీ
తప్పకుండా మాస్టారూ. వర్షాలు తగ్గి వాగు నెమ్మదించాక వెళ్తాం. గార్నెట్ ఫోటో, దొరికితే ఆ ఎర్ర గులకల రాయి ఫోటో, ఇదే థ్రెడ్‌లో పెడతాను.